చింతచేవ మీద పేరు

మా ఇంట్లో అన్నం గిన్నె మీద మా అమ్మ పేరు ఉంటుంది. ఆ గిన్నెను మా అమ్మ చేయలేదు. నీళ్ళ బిందె మీద మా పెద్దమ్మ పేరు ఉంటుంది, పెళ్ళికి కానుకగా ఇచ్చింది కాబట్టి. అనంతపురంలో ఏ స్టీలు సామాన్ల అంగడికి పోయి ఏం కొన్నా, డబ్బు తీసుకున్నాక అంగడాయన అడిగే మాట ఒకటే, పేరు ఏం కొట్టాలని. దానికి జవాబుగా బిందె చేసినవాడి పేరు చెప్పిన మనిషిని నేనింతవరకు చూడలేదు. ఈ సంగతి ముందుగానే చెప్పిపెడుతున్నాను. మొత్తం విన్నాక నన్ను తెలివితక్కువదని అనేవాళ్ళుంటారు. అనుకోండి. నేనూ ఆ మాట చాలా ఏళ్ళుగా అనుకుంటూనే ఉన్నాను.

మా నాయన పేరు యేసన్న. తరిమెన పనివాడు. తరిమెన అంటే కర్రను గిరగిరా తిప్పుతుంటే ఉలి ఆనించి గుండ్రంగా, నున్నగా చెక్కే యంత్రం. చిన్నప్పుడు చర్చి మిషన్ వాళ్ళ వర్క్‌షాపులో ఆ పని నేర్చుకున్నాడు. పాతూరులో మాకొక రేకుల షెడ్డు ఉండేది. ఉయ్యాల కొయ్యలు, మంచం కోళ్ళు, చపాతీ కర్రలు, పిల్లలు తోసుకుంటూ నడక నేర్చుకునే మూడు చక్రాల బండ్లు, అన్నీ అక్కడే చేసేవాడు. పని బాగుందని ఎవరైనా అంటే, "కర్ర మంచిదిలేప్పా" అనేవాడు. పొగడ్తను తన మీద పడకుండా కర్ర మీదికి తోసేయడం ఆయనకు అలవాటు. ఆ అలవాటే మా కొంప ముంచింది.

1999 ఎండాకాలంలో జయరాం మా షెడ్డుకు వచ్చాడు. రోడ్డు కాంట్రాక్టరు కొడుకు. టవర్ క్లాక్ దగ్గర ఒక మేడ మీద పూల్ పార్లర్ పెట్టాడు. పచ్చగుడ్డ పరిచిన బల్ల, రంగు బంతులు, వాటిని పొడిచే పొడవాటి కర్రలు. బెంగుళూరు నుంచి తెచ్చిన కర్రలు మా ఊరి ఎండకు వంకరపోతే సరిచేయడానికి మా నాయన దగ్గరికి పంపేవాడు. ఆ రోజు మాత్రం తనే వచ్చాడు, చంకలో ఇంగ్లీషు పత్రిక పెట్టుకుని.

"నాకొక స్టిక్ చేసియ్యాల యేసన్నా. ఆడేదానికి కాదు, పెట్టుకునేదానికి."

"పెట్టుకుని ఏం చేస్తారు సార్?"

"ఏమీ చెయ్యం. అద్దాల బీరువాలో పెడతాం. పదేండ్లు పోతే దాని ధర అదే పెరుగుతాది. అమెరికాలో ఒక్కోటి కారు ధర పలుకుతాండాదంట."

"ఆడని కర్రకా?"

"ఆడకుంటేనే."

మా నాయన నా వైపు చూశాడు, ఈయన మన దగ్గర హాస్యాలాడుతున్నాడా అన్నట్టు. నేనప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం. పత్రిక తీసుకుని చదివాను. జయరాం చెప్పింది నిజమే. అలాంటి కర్రకు రాబోయే రోజుల్లో ఎంత ధర వస్తుందో ఎలా అంచనా వేయాలో అందులో రాశారు. కర్ర ఎక్కడా దొరకనిదై ఉండాలి. అతుకు కనిపించకూడదు. మొదటినుంచి చివరిదాకా ఒకే మనిషి చేసి ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, దాని మీద పేరు ఉండాలి. ఎవరి పేరు అని నేను ఆ పేజీలో వెతకలేదు. వెతకాల్సిన సంగతని తోచనే లేదు.

ఆ పనికి మా నాయన తీసిన కర్ర చింతచేవ. విడపనకల్లు దగ్గర బోరు ఎండిపోయి, పొలం వదిలేసిన రైతు ఒకాయన కొట్టేసిన చెట్టు మొదలు. అంత పెద్ద మొద్దులో నడిమి నల్ల భాగం మూరెడు మందం కూడా లేదు. దాన్ని తొమ్మిదేళ్ళు షెడ్డు మూల నిలబెట్టి ఉంచాడు. ఎవరు అడిగినా ఇవ్వలేదు. రోకలికి అడిగారు, ఇవ్వలేదు. ఏదో పెద్ద పనికి వస్తుందని నమ్మకం. ఇదిగో, వచ్చింది.

ఒక పొర తీసేవాడు. తీసి, దారం కట్టి వాసానికి వేలాడదీసి, నెల రోజులు ముట్టుకునేవాడు కాదు. మళ్ళీ ఇంకొక పొర. "కర్ర లోపల బిగువంతా వదలాల పాపా. తొందరపడితే వంకర పోతాది" అనేవాడు. జయరాం వారం వారం స్కూటర్ మీద వచ్చి, వాసానికి వేలాడుతున్న కర్రను చూసి తల కొట్టుకుని పోయేవాడు. ఎనిమిది నెలలు పట్టింది. నల్లటి చేవలోకి పచ్చటి పనసకర్ర నాలుగు మొనలుగా దిగేట్టు అతికాడు. అతుకు మీద గోరు పెట్టి గీసినా తగలదు. గేదె కొమ్ముతో ఉంగరం, మధ్యలో బిగించడానికి ఇత్తడి మర. ఆ ఎనిమిది నెలలూ మా నాయనకు ఆకలి వేసినట్టు నేను చూడలేదు.

ఇంకో పది రోజుల్లో అయిపోతుందనగా జయరాం వచ్చి, "పేరు మర్చిపోవద్దు యేసన్నా. పేరు లేకుంటే దానికి విలువే లేదు. కింద భాగంలో కనపడేటట్ల కొట్టాల" అని చెప్పి వెళ్ళిపోయాడు.

మా నాయన ఉలి పక్కన పెట్టి, "సార్ పేరు ఇంగ్లీషులో రాసియ్యి పాపా. అందంగా ఉండాల" అన్నాడు.

నేను రాశాను. నోట్‌బుక్‌లో నాలుగు రకాలుగా రాసి, అన్నిటికంటే వంపులు తిరిగినదాన్ని ఎంచుకుని ఇచ్చాను. జయరాం, అనంతపురం. నా ఇంగ్లీషు అక్షరాలంటే నాకు చాలా గొప్ప. మా నాయన మూడు రోజులు కూర్చుని ఆ గీతలన్నీ కర్రలో తొలిచి, ఇత్తడి తీగ దించి, సుత్తితో మెల్లగా కొట్టి, రుద్ది మెరిపించాడు.

పార్లర్‌కు తీసుకుపోయి ఇచ్చినప్పుడు నేనూ వెంట ఉన్నాను. జయరాం దాన్ని బల్ల మీద దొర్లించాడు. వంగి, కర్రకూ బల్లకూ మధ్య ఎక్కడైనా వెలుతురు కనిపిస్తుందేమోనని చూశాడు. ఎక్కడా కనిపించలేదు. తర్వాత కర్రను తిప్పి పేరు చూశాడు. బొటనవేలితో దాన్ని మళ్ళీ మళ్ళీ రుద్దాడు. సంతోషం పట్టలేక అనుకున్నాను. ఆయన అడిగింది చేసినవాడి పేరు, మేము కొట్టింది కొన్నవాడి పేరు. ఆ సంగతి ఆ క్షణంలోనే ఆయనకు తెలుసు. ఒక్క మాట అని ఉంటే మా నాయన ఇంకో మూడు రోజులు కూర్చుని మార్చేవాడు.

"బాగుండాది. ఇట్లనే ఉండనీ" అన్నాడు జయరాం.

తిరిగి వచ్చేటప్పుడు మా నాయన పొగడ్తను కర్ర మీదికి తోయలేదు. "నేను చేసినవన్నీ ఒక పక్క, ఇది ఒక పక్క పాపా" అన్నాడు. ఆ మాట ఆయన జీవితంలో ఒక్కసారే అన్నాడు, అదీ నాకు మాత్రమే.

తర్వాత తరిమెనకు పని తగ్గిపోయింది. ఉయ్యాలలు ఇనప గొట్టాలవి వచ్చాయి, కుర్చీలు ప్లాస్టిక్‌వి వచ్చాయి. వరసగా వానలు లేవు. వేరుశనగ చేతికి రాని ఏడాది మంచం చేయించుకునేది ఎవరు? 2003లో మా నాయన షెడ్డుకు తాళం వేసి తాడిపత్రిలో ఒక బండల పాలిష్ మిల్లులో పనికి చేరాడు. శనివారం సాయంత్రం రైల్లో వచ్చేవాడు, కనుబొమ్మల దాకా తెల్లటి రాతి పొడితో. ఆదివారం గుడిలో పాట మధ్యలో దగ్గు వస్తే బయటికి వెళ్ళిపోయేవాడు. నేను డిగ్రీ అయిపోయి ఒక నెట్ సెంటర్లో పనికి కుదిరాను. నాకు అప్పట్లో వేరే కోరికలేం లేవు. మా నాయన ఆ మిల్లు మాని మళ్ళీ తరిమెన ముందు కూర్చోవాలి. అంతే. ఆయన ఎలాంటి పనివాడో ఒక్కరికి తెలిసినా చాలు, కూర్చుంటాడని నా నమ్మకం.

2005లో ఒక మధ్యాహ్నం జయరాం మా నెట్ సెంటర్‌కు వచ్చాడు. టవర్ క్లాక్ వైపు కరెంటు లేదు, మా దగ్గర ఉంది. లేకుంటే నా దగ్గరికి వచ్చేవాడు కాదు. ఏదో ప్రింట్ తీయాలన్నాడు. తీస్తూ చదివాను. బెంగుళూరు పోటీలకు జయరాం పట్టుకుపోయిన కర్రను కపాడియా అనే బొంబాయి ఆయన చూశాడు. ఇలాంటివి సేకరించి, దేశవిదేశాల్లో అమ్మే మనిషి. తన ఇంటర్నెట్ పేజీలో బొమ్మ పెట్టి, కింద రాశాడు: అనంతపురం కరువు సీమలో జయరాం అనే పనివాడు తరిమెన మీద స్వయంగా చేసిన అపురూపమైన పని, పేరు ఆయన చేత్తోనే చెక్కినది.

కాగితం ఇవ్వకుండా పట్టుకుని నిలబడ్డాను.

"దీన్ని చేసింది మా నాయన సార్."

"కాదని ఎవరన్నారు? ఇంకో ఆరు అడుగుతాండాడు. చేసేది మీ నాయనే."

"పేరు?"

"పేరు అదే ఉండాల. వాళ్ళకు తెలిసిన పేరు అది."

"చేసింది యేసన్న అని వాళ్ళకు రాయండి సార్. రెండు లైన్లు. నేనే రాసిస్తా."

జయరాంకు కోపం రాలేదు. వస్తే బాగుండేది. నెమ్మదిగా నవ్వాడు. "నేనేమన్నా అబద్ధం చెప్పినానా పాపా? కర్ర మీద పేరు చూసి వాళ్ళే అనుకున్నారు. ఆ పేరు రాసిచ్చింది ఎవరు? నువ్వే గదా."

ప్రింట్ ఇచ్చేశాను. చిల్లర కూడా లెక్క తప్పకుండా ఇచ్చాను.

శనివారం మా నాయన వచ్చాక అంతా చెప్పాను. స్నానం కూడా చేయకుండా గడప మీద కూర్చుని విన్నాడు. అంతా విని, "ఆరు అడిగినాడా?" అన్నాడు. నేను చెప్పిన దాంట్లో ఆయనకు వినపడింది ఆరు అనే మాట ఒక్కటే.

"నీ పేరు లేదు నాయనా. నీ పని ఆయనది అయిపోయింది."

"బిందె కొన్నోళ్ళది గదా పాపా పేరు. అట్లనే ఇది. ఆ చింతమొద్దులో ఇంకా చేవ ఉండాది, ఆరు దానికి సరిపోతాది." అప్పటికే ఆయన వేళ్ళు గాల్లో కర్ర మందం కొలుస్తున్నాయి. ఆ రోజు మా నాయన మీద నాకు వచ్చినంత కోపం జయరాం మీద కూడా రాలేదు. అన్నం పెట్టకుండా పడుకున్నాను. సోమవారం ఆయన తాడిపత్రి పోలేదు.

ఏడాదికి పైగా పట్టింది ఆరు కర్రలకు. షెడ్డులో మళ్ళీ వాసానికి కర్రలు వేలాడాయి. దగ్గు తగ్గిందనే అనుకున్నాను. మధ్యాహ్నం క్యారియర్ తీసుకుపోతే, పని ఆపకుండానే, "ఆడ పెట్టి పో పాపా" అనేవాడు. ఆ మాట వినడానికే నేను రోజూ ఎండలో పోయేదాన్ని. పేర్లు ఈసారి నేను రాయలేదు. జయరాం అచ్చు పంపాడు.

2006 చివర్లో కపాడియా స్వయంగా వచ్చాడు. పనివాడిని, పని చేసే చోటును చూడకుండా సరుకు తీసుకోడట. ఆయనకు ఇంగ్లీషు తప్ప మన మాట రాదు. మధ్యలో మాట్లాడడానికి జయరాం నన్నే పిలిచాడు. నేను పోకుంటే మా నాయనకు ఏం జరుగుతుందో నాకు తెలుసు, జయరాంకూ తెలుసు. జయరాం ఆ రోజు పాత చొక్కా వేసుకుని వచ్చాడు. తరిమెన ముందు నిలబడితే ఎలా నిలబడాలో తెలియలేదు. కపాడియా లోపలికి రాకముందే మా నాయనే దగ్గరికి పోయి, తన గోనెగుడ్డ ముందు కట్టు విప్పి, "చొక్కా పాడైతాది సార్" అని ఆయన నడుముకు కట్టాడు. ఉలి ఎలా పట్టుకోవాలో కూడా చూపించాడు.

కపాడియా తెల్ల జుట్టు పెద్దమనిషి. ఒక్కో కర్రనూ వేలి మీద నిలబెట్టి తూచాడు, భూతద్దం పెట్టి అతుకులు చూశాడు. పని తెలిసినవాడే. ఇవి ఇప్పుడింత, పదేళ్ళకు ఇంత అని జయరాంకు చెబుతూ పోయాడు. ధర పెరగడానికి రెండే దారులట. ఒకటి, కర్రలు తక్కువగా ఉండాలి. రెండోది, చేసినవాడు పోవాలి. పనివాడు చనిపోయాడని తెలిసిన మరుసటి రోజే ధర రెండింతలవుతుందని చెప్పి, జయరాం భుజం తట్టి, మీరు ఇంకా చాలా కాలం మమ్మల్ని కాచుకోబెట్టేట్టున్నారని నవ్వాడు. జయరాం కూడా నవ్వాల్సి వచ్చింది.

నేను మా నాయనకు తెలుగులో చెప్పాను. "అట్లనా? అయితే సార్ నూరేండ్లు చల్లగా ఉండాలని చెప్పు పాపా" అన్నాడు. ఆ మాటను నేను ఇంగ్లీషులోకి మార్చలేదు.

చివరి కర్రను కపాడియా ఇంకో చేతికి మార్చుకుంటున్నప్పుడు అది కొంచెం జారింది. కింద పడలేదు. కానీ షెడ్డు ఆ చివర నిలబడి ఉన్న మా నాయన రెండు చేతులూ ముందుకు వచ్చేశాయి. జయరాం కదలలేదు. కపాడియా కర్రను బల్ల మీద పెట్టాడు. ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత మా నాయన చేతుల వైపు చూపించి నాతో అన్నాడు, ఇవి ఎవరి పని అని అతన్నే అడుగు అని.

ఇంతకాలం నేను కోరుకున్న ప్రశ్న అదే, అడగాల్సిన మనిషే అడిగాడు.

"నాయనా, ఇవి ఎవరి పనో నిన్నే చెప్పమంటాండాడు."

మా నాయన జయరాంను చూశాడు. తరిమెనను చూశాడు. "సారుదే అని చెప్పు."

"ఆయన అడిగేది ఎవరివని కాదు నాయనా. ఎవరు చేసినారని."

"అర్థమయిందిలే పాపా. నేనేమన్నా పసిబిడ్డనా? ఇప్పుడు నాదంటే ఈయన సరుకు ఈడే పెట్టేసి పోతాడు. నాకు ఆ మిల్లు వద్దు. సారుదే అను."

కపాడియా నా నోటి వైపు చూస్తున్నాడు. నిజం చెప్పే ఇంగ్లీషు నా దగ్గర ఉంది. ఆరు మాటలు చాలు. మా నాయన ఎప్పుడూ నన్ను ఏదీ అడగలేదు, ఫీజు కట్టిన రోజు కూడా బాగా చదవమని అడగలేదు. ఇది అడిగాడు. జయరాం గారిదేనట, అన్నాను. కపాడియా చిన్న పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. మా నాయన వంగి ఆయనకు దండం పెట్టాడు.

ఆరు కర్రలూ బొంబాయి పోయాయి. రెండు నెలల తర్వాత జయరాం వచ్చి, "ఇంక చేయొద్దు యేసన్నా. ఎక్కువైతే ధర పడిపోతాదంట. కొన్నేండ్లు ఆగమంటాండారు" అన్నాడు. మా నాయన తల ఊపాడు. మిగిలిన చేవ ముక్కలకు గుడ్డ చుట్టి పెట్టి, ఆ తర్వాతి సోమవారం తాడిపత్రి రైలెక్కాడు. ఏ మిల్లు వద్దని అబద్ధం చెప్పాడో, అదే మిల్లు. ఆ అబద్ధానికి మాకు దక్కింది రెండు నెలలు. ఎక్కువా తక్కువా అని నేను లెక్కేసుకోని రోజు లేదు.

2008 ఫిబ్రవరిలో పోయాడు. ఊపిరితిత్తుల నిండా రాతి పొడి అన్నారు డాక్టరు. యాభై ఆరేళ్ళు. సమాధుల తోటకు జయరాం పూలదండ తెచ్చాడు, చివరిదాకా ఎండలో నిలబడ్డాడు. అది కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను.

మూడో రోజు నెట్ సెంటర్‌కు పోయి కపాడియాకు మెయిల్ రాశాను. ఏడాదికి పైగా మింగి ఉంచిన ఆరు మాటలకు ఇంకొన్ని కలిపాను. ఆ ఏడు కర్రలూ చేసిన మనిషి ఫిబ్రవరి పదకొండున చనిపోయాడు, ఆయన పేరు యేసన్న, నేను ఆయన కూతురు కృపాకుమారిని అని రాశాను. జవాబు రాదనుకున్నాను. గంటలోపే వచ్చింది. చావు కబురంటే వాళ్ళకు తొందర ఉంటుంది.

మీ మెయిల్ చూసి కంగారుపడ్డాను, అని ఉంది అందులో. వెంటనే అనంతపురానికి ఫోన్ చేశాను. దేవుడి దయవల్ల జయరాం గారే ఎత్తారు, క్షేమంగా ఉన్నారు. ఆయన దగ్గర పనిచేసిన సహాయకుడు పోయాడని ఆయనే చెప్పారు, మీ కుటుంబానికి నా సానుభూతి. కానీ పనివాడు చనిపోయాడన్న వదంతులు దయచేసి పుట్టించవద్దు, ధరలు తారుమారవుతాయి.

చదివి, నాలుగు రూపాయలు పెట్టి ప్రింట్ తీసుకుని ఇంటికి పోయాను. మా అమ్మ ఏం రాసినారని అడిగింది. నాయన చనిపోలేదని రాసినారమ్మా, అన్నాను.